లబ్ధిదారమ్మ

“రేపు ఆ నీలం శాలువా తేకు. కుళాయి ఫోటోలో అదే కప్పుకున్నావు. వేరే రంగుది ఏదైనా చూసుకో” అన్నాడు ఇంజనీరు ఫోన్లో. అప్పుడామె ఫోనుని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని భర్త చొక్కా ఇస్త్రీ చేస్తోంది. “సరే సార్” అంది. ఆయన ఫోన్ పెట్టేశాక కూడా మెడ అలాగే వంచి, కాలరు మీద మడత పోయేదాకా రుద్దింది.

“ఎవరు?” అన్నాడు భర్త, చూస్తున్న పేపరు దించకుండానే.

“ఆఫీసు. రేపు మళ్ళీ ఫోటో ఉందట.”

“అదృష్టవంతురాలివి. ఊరికే నవ్వుతూ నిలబడితే జీతమిచ్చే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా?” అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. “నిలబడితే నిలబడింది గానీ, రోజుకొక శాలువా ఉతకలేక చస్తున్నామని ఆ ఇంజనీరుతో చెప్పమను!” ఆ ఇంట్లో బట్టలు ఉతికేది ఎవరో గోడలకి కూడా తెలుసు. చచ్చేటప్పుడు మాత్రం అందరూ కలిసి చస్తున్నట్టు మాట్లాడతారు. ఆమె చొక్కా హ్యాంగరుకి తగిలించి, బీరువాలో శాలువాలు తిరగేసింది. ఎర్రది దీపస్తంభం కింద కప్పుకుంది. పసుపుపచ్చది బస్సు షెల్టరు దగ్గర అయిపోయింది. అడుగున ఉన్న బూడిదరంగుది తీసి దులిపింది.

ఆమె పనిచేసేది పురపాలక కార్యాలయంలో, ఫిర్యాదుల విభాగంలో. దీపాలు వెలగడం లేదని, మురుగు పొంగి గుమ్మాల్లోకి వస్తోందని, చెత్తబండి మా సందు మొహం చూడటం లేదని జనం ఫోన్లు చేస్తారు. అసలు తిట్టాల్సిన వాళ్ళు దొరకరు కాబట్టి ఫోనెత్తిన వాళ్ళని తిడతారు. ఆ తిట్లు తిని, “పరిశీలనలో ఉందండీ” అని మెత్తగా చెప్పడం ఆమె పని. కౌన్సిలర్లు సమావేశంలో అడిగే ప్రశ్నలకి జవాబులు తయారుచేయడమూ ఆమె పనే. వాటిని చదివేది ఇంజనీరు. ఆయన వెనక కుర్చీలో ఫైలు పట్టుకుని ఆమె కూర్చుంటుంది. ఆయనకి ఏదైనా తట్టకపోతే ఆమె అందిస్తుంది, మెప్పు వస్తే ఆయన అందుకుంటాడు. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఏటా పొడిగిస్తూ వస్తున్నారు. పర్మినెంటు చేయమని పేరు పైకి పంపాల్సింది ఇంజనీరే. పంపుతాను పంపుతాను అని ఆయన ఏళ్ళ తరబడి అంటున్నాడు. నలుగురిలో ఉన్నప్పుడు ఆమెని ‘మీరు’ అంటాడు, జీపెక్కగానే ‘నువ్వు’లోకి దిగుతాడు.

ఫోటోల గొడవ మొదలైంది కౌన్సిల్లోనే. ఒకప్పుడు ఫిర్యాదు తీరిందని రాసి సంతకం పెడితే చెల్లిపోయేది. తర్వాత ఫోటో జతచేయమన్నారు. ఇంజనీరు మనుషులు ఒకే కుళాయి ఫోటోని వీధి తర్వాత వీధికి తిప్పేసరికి కౌన్సిలర్లు నెత్తీనోరూ కొట్టుకున్నారు. దాంతో కొత్త నిబంధన పెట్టారు. పని జరిగిన చోట ఆ వీధి మనిషి ఒకరు సంతోషంగా నిలబడి ఉన్న ఫోటో ఉంటేనే ఫిర్యాదు మూసెయ్యాలి. ‘సంతోషంగా’ అని నిజంగానే రాశారు. అక్కడే చిక్కొచ్చిపడింది. పని జరగని వీధిలో సంతోషంగా నిలబడటానికి ఎవరొస్తారు? ఒకాయన రాకపోగా ఇంజనీరు జీపు వెనక చీపురు పట్టుకుని పరిగెత్తాడు. ఇలా లాభం లేదని ఇంజనీరు ఆఫీసంతా కలయజూసి, ఆమె దగ్గర చూపు ఆపాడు. “మీ ముఖంలో ఒక నమ్మకం ఉందండీ” అన్నాడు.

అబద్ధం ఎందుకు, ఆ మాటకి ఆమె పొంగిపోయింది. ఇంట్లో ఆమె ముఖం చూసి ఎవరైనా ఒక మాట అని ఎంతకాలమైందో. మొదటి ఫోటో ఒక ఎండిపోయిన కుళాయి దగ్గర తీశారు. గోడవతల ఒక పనివాడు పైపు నోట్లోకి డబ్బాతో నీళ్ళు పోస్తుంటే, ఇవతల ఆమె బకెట్టు పట్టుకుని నవ్వింది. నీళ్ళు అయిపోయేలోపు నవ్వాలి, అదొక్కటే నిబంధన. ఫోటో బాగా వచ్చిందని అందరూ అన్నారు. ఆ తర్వాత దీపం కింద నవ్వింది, మూత లేని మురుగుగుంత మీద అట్టముక్క పరిచి దాని పక్కన నవ్వింది. ఆఫీసులో ఆమెకి ‘లబ్ధిదారమ్మ’ అని పేరు పెట్టేశారు. “లబ్ధిదారమ్మ వచ్చిందా? లబ్ధిదారమ్మకి టీ చెప్పండి!” అంటారు. వెక్కిరింతే అయినా పేరంటూ ఒకటి దొరికింది కదా అని ఆమె మొదట్లో నవ్వేది.

ఆ టీ మాత్రం ఎప్పుడూ తాగలేదు. ఆఫీసు భవనంలో ‘మహిళలు’ అని బోర్డు ఉన్న గది ఒకటుంది. అందులో విరిగిన కుర్చీలు, ఏనాటివో ఎన్నికల బ్యానర్లు కుక్కి తాళం వేశారు. తియ్యమని ఆమె ఒకసారి, స్టెనో ఒకసారి అడిగారు. కుర్చీలు ఎక్కడ పెట్టాలో తేలాక తీస్తామన్నారు. ఇంత పెద్ద పట్టణాన్ని ఏలే ఆఫీసుకి ఆ కుర్చీల సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు. అందుకని ఆమె పొద్దున లేచింది మొదలు ఇల్లు చేరేదాకా గొంతులో చుక్క నీళ్ళు పోసుకోదు. అయినా మధ్యాహ్నం దాటేసరికి పొత్తికడుపు రాయి కడుతుంది. ఆ రాయిని మోసుకుంటూనే జనానికి మెత్తగా జవాబులు చెప్తుంది. సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే బాత్రూములోకి పరిగెడుతుంది. “వచ్చీరాగానే చెప్పులైనా విప్పకుండా ఆ పరుగేమిటి, ఎవరో తరుముతున్నట్టు! మేమంతా ఇక్కడ మనుషులం కూర్చుని ఉంటే ఒక పలకరింపా పాడా” అని అత్తగారు రోజూ అంటుంది. మంటలు, జ్వరాలు వస్తుంటే డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది. “చెప్పింది చెయ్యవు, మళ్ళీ నొప్పి నొప్పి అని ఇల్లు పీకి పందిరేస్తావు. తప్పు నీ దగ్గర పెట్టుకుని ఎవరిని అంటావు?” అన్నాడు భర్త. నీళ్ళు తాగడం ఎందుకు మానేసిందో డాక్టరమ్మా అడగలేదు, ఆయనా అడగలేదు. చెప్పబోతే, “భోజనం దగ్గర ఆ మాటలేమిటి” అన్నాడు.

మర్నాటి ఫోటో బస్టాండు వెనక వీధిలో తీయాలి. అక్కడ మహిళల మరుగుదొడ్డి కట్టి చాలాకాలమైంది, కట్టిన నాటినుంచీ తాళమే. కంట్రాక్టరు దాన్ని సిమెంటు గోదాము చేసుకున్నాడు. ఆ వీధిలో కూరగాయలమ్మే ఆడవాళ్ళు, చెప్పులు కుట్టే ముసలామె, చెక్క షెడ్డు కింద కుట్టుమిషను పెట్టుకున్న ఒకావిడ, అందరూ పొద్దున వచ్చి పొద్దుగూకాక వెళ్తారు. మిషను ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసీ చేసీ విసిగిపోయి చివరికి ఆ వార్డు కౌన్సిలరుని పట్టుకుంది. కౌన్సిలరు రిటైరైన బడిపంతులమ్మ, అందరూ టీచరమ్మ అంటారు. ఆవిడ కౌన్సిల్లో గట్టిగా నిలదీసేసరికి, వచ్చే సమావేశంలోగా తెరిచి చూపిస్తామని ఇంజనీరు మాటిచ్చాడు. చూపించడం వరకే ఆయన అన్నమాట నిలబెట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళేసరికి సిమెంటు బస్తాలు బయట పెట్టి పైన పట్టా కప్పారు. గచ్చు కడిగారు. తలుపు మీద ‘మహిళలకు’ అని రాసిన రంగు ఇంకా ఆరలేదు. ఆమె బూడిదరంగు శాలువా తలమీదుగా కప్పుకుని, తెరిచిన తలుపు దగ్గర, అప్పుడే బయటికి వస్తున్నట్టుగా నిలబడింది. “ఇంకొంచెం హాయిగా నవ్వండి. పని తీరినట్టు” అన్నాడు ఇంజనీరు. పక్కనున్న మేస్త్రి కిసుక్కున నవ్వాడు. ఆమెకి ఆ రోజు నెల నొప్పి కూడా తోడైంది. అయినా నవ్వింది. ఫోటో అయ్యాక ఇంజనీరు టీకొట్టు వైపు నడిచాడు. ఆమె మేస్త్రి దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి, “ఎలాగూ తెరిచారు కదా. ఒక్క నిమిషం లోపలికి వెళ్ళొస్తాను” అంది.

“లోపల ఏం లేదమ్మా. ఆ పింగాణీది ఊరికే పెట్టాం. కిందికి పైపు లేదు, పైన నీళ్ళు లేవు. ఫోటోకని అంతే” అన్నాడతను, చిన్నపిల్లకి చెప్పినట్టు. ఇంజనీరు వెనక్కి తిరిగి చూసి పెద్దగా నవ్వాడు. “నువ్వు కూడా నమ్మేశావా! అయితే ఫోటో బ్రహ్మాండంగా వచ్చినట్టే.”

ఈలోపు వీధిలో కదలిక వచ్చింది. తలుపు తెరిచి ఉండటం ఎవరో చూశారు. “తెరిచారు, తెరిచారు, రండే!” అని ఒకామె కేకేసింది. కూరగాయల బుట్టలు వదిలేసి ముగ్గురు నలుగురు పరుగున వచ్చారు. మిషను ఆవిడ సూది కింద గుడ్డ అలాగే వదిలి, మెడలో కొలతల టేపుతో వచ్చింది. మేస్త్రి వాళ్ళ కళ్ళెదుటే తలుపు లాగి తాళం వేశాడు. “ఇంకా కొంచెం పని మిగిలిందమ్మా. అయ్యాక చెప్తాం.”

“మరి ఈవిడ వెళ్ళొచ్చింది కదా?” అంది మిషను ఆవిడ, ఆమెని చూపించి.

మేస్త్రి బస్తాల వైపు వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు తిట్టుకుంటూ వెనుదిరిగారు. ఆమె పొత్తికడుపు మీద చెయ్యి అదిమి, గోడకి ఆనుకుని, “నేను వెళ్ళలేదమ్మా” అంది. ఆ ఒక్క మాటకి మిషను ఆవిడ కళ్ళు చిట్లించి చూసింది. “ఈ గొంతు నాకు తెలుసు. నువ్వు ఫోన్లో మాట్లాడే అమ్మాయివి కదూ? ‘పరిశీలనలో ఉందండీ’ అంటావు, నువ్వే కదూ?” ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. దులిపేస్తుందనుకుంది. దులిపే హక్కు ఆవిడకి ఉంది కూడా. కానీ ఆవిడ చూపు ముఖం మీదనుంచి దిగి, పొట్ట మీద అదిమిన చేతి దగ్గర ఆగిపోయింది. ఆడదానికి ఇంకో ఆడది నిలబడిన తీరే చెప్పేస్తుంది. “ముందు రా అక్కా, తర్వాత తిట్టుకుందాం” అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

వీధి వెనక ఒక మేడ ఉంది. దాని పెరట్లో, మెట్ల కింద చిన్న బాత్రూము ఉంది. బయటికి వచ్చాక ఆమెకి కళ్ళు చెమర్చాయి, అంత సుఖంగా ఉంది ప్రాణం. “ఇంటావిడ మంచిదే పాపం, రానిస్తుంది” అంది. మిషను ఆవిడ నవ్వింది. “ఊరికే రానిస్తుందా? వెళ్ళినవాళ్ళు అంట్లన్నా తోమాలి, మెట్లన్నా కడగాలి. మేం వంతులేసుకున్నాం. ఆ మేడావిడ పనిమనిషిని మాన్పించేసింది తెలుసా? మేముండగా ఇంకెందుకు! నువ్వు వెళ్ళక్కా, నీ వంతు కూడా నేను చేసేస్తాలే.” పంపు దగ్గర అంట్లు కుప్పగా పడి ఉన్నాయి. ఆమె శాలువా తీసి మెట్టు మీద పెట్టి, పీట లాక్కుని కూర్చుంది. ఇంట్లో పొద్దున తోమి వచ్చింది, రాత్రికి తోముతుంది, మధ్యలో ఇవి. పై కిటికీలోంచి మేడావిడ, “ఆ మాడు గిన్నె సరిగ్గా తోమండే” అంది ఎవరని చూడకుండానే. ఒంటికి వచ్చిన అవసరం తీర్చుకోవడానికి ఒక ఆడది ఇంకో ఆడదాని అంట్లు తోమాలి, దీనికి ఫిర్యాదు ఏ విభాగంలో తీసుకుంటారో ఆమెకి తెలియలేదు, ఇన్నేళ్ళుగా ఫిర్యాదులు తీసుకునేది తనే అయినా. రెండు గిన్నెలు తోమిందో లేదో వీధిలో జీపు హారను మోగింది. మళ్ళీ మోగింది. ఆమె ఉలిక్కిపడి లేచి, తడిచేతులతోనే పరిగెత్తింది. శాలువా మిషను ఆవిడ వెనకాల తెచ్చిచ్చింది.

“ఎక్కడికి పోయావు? మగవాళ్ళం ఇక్కడ కాచుకుని ఉంటే బజారు తిరుగుళ్ళా?” అన్నాడు ఇంజనీరు జీపు కదిలాక. తర్వాత తనే మెత్తబడ్డాడు. “సర్లే. ఈ టీచరమ్మ నోరొక్కటి మూతపడితే నీ ఫైలు పైకి పంపేస్తాను. ఈసారి నిజం. సమావేశం సవ్యంగా దాటించు.” ఆఫీసుకెళ్ళి ఆమె జవాబు రాసింది. సదరు మరుగుదొడ్డి వినియోగంలో ఉన్నది. స్థానిక మహిళలు హర్షం వ్యక్తం చేస్తున్నారు. ఫోటో జతపరచడమైనది. ‘హర్షం’ అన్న మాట అలవాటుగా చేతిలోంచి పడిపోయింది. గోళ్ళ సందుల్లో మాడు మసి ఇంకా నల్లగానే ఉంది.

సాయంత్రం కూతురి స్కూలు సంచీ సర్దుతుంటే నీళ్ళసీసా బరువుగా తగిలింది. పొద్దున నింపింది నింపినట్టే ఉంది. “ఏమే, తాగలేదా?” అంది. పిల్ల ఆరో తరగతి. లెక్కలు చేసుకుంటూ తలెత్తకుండానే చెప్పింది. “తాగితే వెళ్ళాలి కదమ్మా. అక్కడ తలుపుకి గడియ లేదు. నువ్వు కూడా తాగవుగా.” ఆమె నోరు తెరిచేలోపు పిల్ల ఉత్సాహంగా ఇటు తిరిగింది. “మా క్లాసులో అందరికంటే ఎక్కువసేపు ఆపుకోగలిగేది నేనేనమ్మా! పందెం వేసుకుంటాం. ఎప్పుడూ నేనే నెగ్గుతా.” హాల్లోంచి భర్త నవ్వాడు. “అచ్చం తల్లి పోలికే. ఓర్పెక్కువ!” అత్తగారు కూడా, “ఆడపిల్లకి ఆ మాత్రం ఓర్పుండాలి” అంది. మనవరాలి గురించి ఆవిడ మెచ్చుకోలుగా అన్న మాట అదొక్కటే. పిల్ల ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి ఆమెకి గుండెలో కలుక్కుమంది. తన దగ్గర్నుంచి తనకి తెలియకుండానే కూతురు నేర్చుకున్న విద్య అది. సీసా మూత తీసి పిల్ల నోటి దగ్గర పెట్టి, “తాగు” అంది. గట్టిగానే అన్నట్టుంది, పిల్ల బెదిరిపోయి గటగటా తాగింది. “దానిమీద ఎందుకు అరుస్తావు? ఆఫీసు చిరాకులు ఇంటికి తేకని ఎన్నిసార్లు చెప్పాను” అన్నాడు భర్త.

సమావేశం రోజు హాలు నిండిపోయింది. పైన వేదిక మీద చైర్మన్, పక్కన కమిషనరు, కింద వరసల్లో కౌన్సిలర్లు, ఓ మూల పుస్తకం పట్టుకుని స్టెనో. ఇంజనీరు వెనక తన కుర్చీలో ఆమె. ప్రశ్నలు ఒకదాని తర్వాత ఒకటి సాగుతూ సాగుతూ మధ్యాహ్నమైంది. బస్టాండు వీధి విషయం వచ్చింది. ఇంజనీరు ఆమె రాసిన మూడు వాక్యాలూ రాగయుక్తంగా చదివి, తెర మీద ఫోటో వేయించాడు. గోడంత ఎత్తున ఆమె ముఖం. హాయిగా, పని తీరినట్టు నవ్వుతోంది. ఆ క్షణాన ఒళ్ళు ఎలా మెలిపెట్టిందో ఆమెకి గుర్తుంది. ఆ ముఖంలో దాని జాడే లేదు. ఎంత బాగా నేర్చుకుందో అనుకుని ఆమెకి తన మీదే అసహ్యమేసింది.

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ లేచింది. “అధ్యక్షా, ఈవిడని నేనెక్కడో చూశాను. పాత ఫోటోలు కూడా ఒకసారి వేయించండి. కుళాయిది, దీపంది, ఆ బస్సు షెల్టరుది.” వేశారు. నీలం శాలువా, ఎర్ర శాలువా, పసుపు శాలువా. అన్నిట్లో అదే నవ్వు. టీచరమ్మ హాలంతా కలయజూసి, “ఈ పట్టణంలో సంతోషంగా ఉన్న మనిషి ఒక్కరే ఉన్నట్టున్నారు అధ్యక్షా. ఆవిడ కూడా పాపం, ఏ వీధిలోనూ కుదురుగా ఉండలేకపోతున్నారు” అంది. హాలు గొల్లుమంది. చైర్మన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. వెనక ఎవరో, “అరె, ఇక్కడే ఉందిరా!” అని ఆమె వైపు వేలు చూపించారు. అందరూ తిరిగి చూశారు.

ఇంజనీరు లేచాడు. వెనక్కి తిరగలేదు. “అధ్యక్షా, పొరపాటు జరిగిన మాట నిజం. ఈవిడ మా తాత్కాలిక సిబ్బంది. ఫోటోలు జతచేసే బాధ్యత ఈవిడదే. వీధిలోకి వెళ్ళి మనుషులని పిలిచే ఓపిక లేక తనే నిలబడినట్టున్నారు. ఆడవాళ్ళకి ఫోటోల సరదా ఉంటుంది కదా. విచారించి చర్య తీసుకుంటాం.” మళ్ళీ నవ్వులు. ఆయన మెడ వెనక చొక్కా కాలరు తెల్లగా, మడత లేకుండా ఉంది. ఎవరి ఇంట్లోనో ఎవరో పొద్దున్నే ఇస్త్రీ చేసి ఉంటారు.

చైర్మన్ నవ్వు తుడుచుకుని దయగా అడిగాడు. “భయపడకమ్మా. ఫోటో సంగతి పక్కన పెడదాం. ఆ మరుగుదొడ్డి తెరిచి ఉందా, లేదా? ఉందని నువ్వు చెప్తే ఇక్కడితో ముగించేద్దాం.” ఇంజనీరు పక్కకి తిరిగి పెదవులు కదపకుండా, “ఉందను. నీ ఫైలు నేను చూసుకుంటా” అన్నాడు. ఆమె లేచి నిలబడింది. ఉంది అంటే చాలు. ఉద్యోగం నిలబడుతుంది, బహుశా పర్మినెంటు కూడా అవుతుంది. ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆమె చేస్తున్నదీ అదే. ఏమ్మా, బాగున్నావా అని చుట్టాలు అడిగితే ఆమె నోరు తెరవకముందే, “మా కోడలికేం, ఏ లోటూ లేదు” అని అత్తగారు చెప్పేస్తుంది, ఆమె పక్కన నిలబడి నవ్వుతుంది. అక్కడా ఆమె లబ్ధిదారమ్మే. రేపు కూతురు కూడా ఎక్కడో ఒక తలుపు పక్కన ఇలాగే నిలబడుతుంది, ఓర్పులో నెగ్గిన పిల్ల కదా.

“లేదండీ” అంది.

ఇంజనీరు చప్పున తిరిగాడు. ఆమె ఆయన వైపు చూడలేదు. “తాళం వేసి ఉంది. లోపల సిమెంటు బస్తాలున్నాయి. పైపు లేదు, నీళ్ళు లేవు. ఫోటోకని తీసి మళ్ళీ మూసేశారు. కుళాయి, దీపం, అన్నీ అంతే. నన్ను నిలబడమన్నారు, నేను నిలబడ్డాను. ఆ రోజు నాకు నిజంగానే అవసరమైంది. వెనక మేడలోకి వెళ్ళి, అందుకు బదులు అంట్లు తోమాల్సొచ్చింది. ఆ వీధి ఆడవాళ్ళు రోజూ అలాగే వెళ్తున్నారు.” గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఫోన్లో మాట్లాడే మెత్తదనం అందులో లేదు.

హాల్లో ఒకరిద్దరు దగ్గారు. “అధ్యక్షా, ఇటువంటి విషయాలు సభలో...” అని ఇంజనీరు ఏదో అనబోయాడు. చైర్మన్ చెయ్యెత్తి ఆపాడు. “సరేనమ్మా, అర్థమైంది. దీనిమీద నివేదిక తెప్పించుకుందాం. కూర్చోండి.” ఆ నివేదిక రాయాల్సింది కూడా ఆమే. ఆమె కూర్చోలేదు.

“ఇంకా ఏమైనా ఉందా?”

“నేను బాత్రూముకి వెళ్ళాలండీ. పొద్దుటినుంచీ ఆపుకుని కూర్చున్నాను. ఈ భవనంలో ఎక్కడికి వెళ్ళమంటారు?”

చైర్మన్ కమిషనరుని చూశాడు. కమిషనరు ఇంజనీరుని చూశాడు. ఇంజనీరు గుమ్మం దగ్గరున్న అటెండరుని చూశాడు. ఇంక చూడటానికి ఎవరూ లేక అటెండరు నిజం చెప్పేశాడు. “ఆడవాళ్ళదాంట్లో కుర్చీలున్నాయండీ.” తాళం తియ్యమన్నాడు కమిషనరు. “తీసినా మనిషి పట్టదండీ” అన్నాడతను. ఎవరో నవ్వబోయి, పక్కవాళ్ళు నవ్వకపోయేసరికి మానుకున్నారు. టీచరమ్మ తన ముందున్న మంచినీళ్ళ గ్లాసు వైపు చూసుకుంటోంది. ప్రతి సమావేశంలోనూ ఆ గ్లాసు మూత తియ్యకుండానే వెనక్కి వెళ్తుందని ఆమెకి తెలుసు, వెనక కుర్చీలోంచి అవన్నీ కనిపిస్తాయి. ఆవిడ నెమ్మదిగా లేచింది. “నేను కూడా వెళ్ళాలి అధ్యక్షా” అంది. ఇందాక ఛలోక్తి విసిరిన గొంతు కాదు అది. మూలన స్టెనో కలం మూసి పుస్తకం పక్కన పెట్టింది.

చివరికి మగవాళ్ళది ఖాళీ చేయించి, బయట అటెండరుని కాపలా పెట్టారు. సభ ఆగిపోయింది. “నువ్వు ముందు వెళ్ళమ్మా” అంది టీచరమ్మ. ఆమె లోపలికి వెళ్ళి గడియ పెట్టింది. తెల్లటి పలకలు, అద్దం, సబ్బు, తుడుచుకోవడానికి తువ్వాలు కూడా ఉన్నాయి. కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా పడ్డాయి. ఇన్నేళ్ళూ ఈ గోడకి ఇవతల ఇన్ని నీళ్ళుండగా, అవతల తను నాలుక ఎండబెట్టుకుని కూర్చుంది. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో జాలి లేదు, మంట ఉంది. ఈసారి ఉద్యోగం పొడిగించరని తెలుసు. “ఉంది అనేస్తే నీ సొమ్మేం పోయింది?” అని భర్త అంటాడనీ, ఆ మాట చాలా రోజులు ఇంట్లో తిరుగుతుందనీ తెలుసు. మిషను ఆవిడ వీధిలో ఆ తాళం రేపటికి ఊడిపోతుందన్న భ్రమ కూడా ఆమెకి లేదు. అవన్నీ బయట ఉన్నాయి. ఆమె దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగింది. ముఖం కడుక్కుంది. గోళ్ళ సందులు సబ్బు పెట్టి రుద్దుకుంది.

అటెండరు తలుపు మీద మెల్లగా తట్టాడు. “అమ్మా, అయిందా? ఇంజనీరుగారు తొందరపెడుతున్నారు. చైర్మన్‌గారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన కూడా వెళ్ళాలట.”

ఆమె తువ్వాలు అందుకుని చేతులు ఒక్కొక్కటే తుడుచుకుంది.

“నా తర్వాత టీచరమ్మగారున్నారు. ఆవిడ తర్వాత స్టెనో ఉంది. అందాకా ఆపుకోమని చెప్పు” అంది.